గోదాం ఫోర్క్‌లిఫ్ట్ వస్తే సైటు బండి వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. రెండేళ్లుగా గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. సౌదీలో రఫ్ టెరైన్ ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ వీసా ఉందని, రెండు బండ్లూ ఒకటేనని ఏజెంటు అంటున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: ఒకటి కావండీ. బిల్డింగ్ సైట్లలో రఫ్ టెరైన్ ఫోర్క్‌లిఫ్ట్ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే బండి) అని పిలిచేది చాలాసార్లు టెలీహ్యాండ్లర్‌నే. దానికి ముందుకు సాగే బూమ్ (బరువును ఎత్తే పొడవాటి చేయి), పెద్ద గాలి టైర్లు ఉంటాయి, ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. ముందు మోడల్ నంబరు అడగండి. జేసీబీ 531-70 అంటే 3.1 టన్నులు, 7 మీటర్ల ఎత్తు అని అర్థం.

మీవాడిని ఇబ్బంది పెట్టేది స్టీరింగే. గోదాం బండి వెనక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి, తోక బయటికి ఊగుతుందని మూలకు ఆనుకుని తిప్పడం అలవాటై ఉంటుంది. టెలీహ్యాండ్లర్‌ను ముందు చక్రాల స్టీరింగ్‌లో అలా తిప్పితే వెనక చక్రం లోపలికి కోసుకొచ్చి మూలను గుద్దుతుంది. పైగా క్యాబిన్ ఎడమవైపు ఉంటుంది, కుడివైపు చూపును బూమ్ కప్పేస్తుంది.

ఇరుకు చోట నాలుగు చక్రాల స్టీరింగ్ వాడాలి: ముందువి ఒకవైపు, వెనకవి ఎదురువైపు తిరుగుతాయి, చిన్న చుట్టులో మలుపు అయిపోతుంది. మూడో స్టీరింగ్ పద్ధతి క్రాబ్. నాలుగూ ఒకేవైపు తిరిగి బండి ఎండ్రికాయలా ఏటవాలుగా జరుగుతుంది, గోడ పక్కకు చేరడానికి పనికొస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేముందు బండి ఆపి, చక్రాలన్నీ తిన్నగా తేవాలి. తొందరపడితే వెనకవి వంకరగానే ఉండిపోయి, స్టీరింగ్ నేరుగా పట్టినా బండి పక్కకు లాగుతుంది.

నేల వాలుగా ఉంటే బండి తిరగబడే ప్రమాదం ఉంది. నేల 5 డిగ్రీలు పక్కకు వాలితే 7 మీటర్ల ఎత్తున ఉన్న బరువు దాదాపు 60 సెంటీమీటర్లు జరుగుతుంది. కొన్ని బండ్లకు ఫ్రేమ్ లెవెలింగ్ (పక్కకు ఒరిగిన బండిని సమంగా చేసే ఏర్పాటు) ఉంటుంది, కానీ బూమ్ కిందున్నప్పుడే సరిచేయాలి, లేపాక ముట్టుకోకూడదు. వాలు ఎక్కినా దిగినా బరువు ఎగువవైపే ఉండాలి, అంటే దిగేటప్పుడు రివర్సే. ఇక 3.1 టన్నులన్నది బూమ్ దగ్గరగా ఉన్నప్పటి మాట. ముందుకు పూర్తిగా చాపితే అందులో సగం కూడా ఎత్తదు. క్యాబిన్‌లోని లోడ్ చార్ట్ (బూమ్ ఎంత చాపితే ఎంత బరువు ఎత్తొచ్చో చూపే పట్టిక) చదవడం రానివాడిని సైటుకు పంపకూడదనే నా అభిప్రాయం.

గల్ఫ్ సైట్లలో చాలాచోట్ల థర్డ్ పార్టీ సర్టిఫికెట్ (కంపెనీ కాకుండా బయటి సంస్థ పరీక్షించి ఇచ్చేది) అడుగుతారు. అది బండి రకాన్ని బట్టి ఇస్తారు, గోదాం బండిది చూపిస్తే కుదరదు. కాబట్టి ముందు టెలీహ్యాండ్లర్ మీద చేయి తిరగనివ్వండి. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న సెంటర్లలో విచారించండి, ఏ బండి మీద ఎన్ని గంటలు నడపనిస్తారో ముందే తేల్చుకోండి. డీజిల్ మెకానిక్ చదువు ఇక్కడ కలిసొస్తుంది, హైడ్రాలిక్ పైపు లీకును పొద్దున్నే పట్టేయగలడు.

ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) రిజిస్టరైన వాడేనా చూడండి. సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకుమించి అడిగితే ఇవ్వకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ పేరు రాయించండి. ఒప్పందంలో బండి పేరు 'ఫోర్క్‌లిఫ్ట్' అని మాత్రమే ఉంటే, మోడల్‌తో సహా రాయించాకే సంతకం పెట్టించండి.