కోళ్ళ నీళ్ళ డబ్బాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు నీళ్ళ గురించిన ఉత్తరాలే ఎక్కువగా వస్తున్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది అల్వాల్. డాబా మీద రేకుల గూట్లో పన్నెండు కోళ్ళు ఉన్నాయి, కొన్ని వనరాజా, కొన్ని నాటువి. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దున బేసిన్ నిండా నీళ్ళు పోసి వెళ్తే సాయంత్రానికి అందులో రెట్ట, పొట్టు తేలుతుంటాయి, ఒక్కోరోజు బోర్లా పడి ఎండిపోయి ఉంటుంది. పైన సింటెక్స్ ట్యాంకు ఉంది కదా, దాన్నుంచి సన్న పైపు లాగి నిపుల్స్ (కోడి ముక్కుతో పిన్నును తాకితే చుక్క నీరు వదిలేవి) పెట్టేద్దాం అంటారు మావారు. షాపులో ఒకాయన బెల్ డ్రింకర్ కొనమన్నాడు, ఇంకొకాయన కప్పులు మంచివన్నాడు. ఏది కొనాలి? సెలవులకు రెండు రోజులు ఊరెళ్ళి రావచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏది కొనాలో తేల్చుకునే ముందు ఒక చిన్న లెక్క వేయండి. గుడ్లు పెట్టే కోడి మామూలు రోజుల్లో సుమారు పావు లీటరు నీళ్ళు తాగుతుంది, మన మే నెల ఎండల్లో అది రెట్టింపు దాకా వెళ్తుంది. అంటే మీ పన్నెండింటికీ కలిపి మామూలుగా రోజుకు మూడు లీటర్లు, ఎండాకాలంలో ఆరు లీటర్లు. 20 లీటర్ల బకెట్ ఒక్కటి నింపి పెడితే మండు వేసవిలో కూడా మూడు రోజులు సరిపోతాయన్నమాట. ఇంత తక్కువ కోళ్ళకు ట్యాంకు నుంచి పైపు లాగాల్సిన అవసరమే లేదు. నా మాట అడిగితే లాగొద్దనే అంటాను.

ఎందుకంటే డాబా మీది సింటెక్స్ ట్యాంకులో మధ్యాహ్నం నీళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు, కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. కోడి వేడి నీళ్ళు తాగదు, ముక్కు పెట్టి చూసి పక్కకు వెళ్ళిపోతుంది. మనలాగా చెమట పట్టే ఏర్పాటు దానికి లేదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని తేమను ఆవిరి చేసుకునే చల్లబడుతుంది, ఆ తేమంతా తాగిన నీళ్ళలోంచే రావాలి. కాబట్టి డబ్బా నిండుగా ఉన్నా అందులోవి వేడెక్కితే ఖాళీ డబ్బా పెట్టినట్టే. అలా ఒక్క పూట గడిచినా మర్నాటి గుడ్ల మీద దాని దెబ్బ కనిపిస్తుంది, గుడ్డు లోపలి పదార్థంలో ముప్పావు వంతు నీరేనాయె. ఇంకో భయం కూడా ఉంది. ట్యాంకుకు నేరుగా కలిపిన పైపులో రాత్రిపూట ఒక్క నిపుల్ ఇరుక్కుపోయి కారడం మొదలెడితే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, గూడంతా బురద. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో అది ఇంటిల్లిపాదికీ ఇబ్బందే.

మీరు చేయాల్సింది ఇది. మూతున్న 20 లీటర్ల బకెట్ తీసుకోండి, తెల్లదీ పారదర్శకంగా ఉన్నదీ వద్దు, వెలుతురు తగిలితే లోపల పాచి పడుతుంది. అడుక్కి కొంచెం పైన, పక్క గోడకు మూడు నాలుగు నిపుల్స్ బిగించండి. ఒక నిపుల్‌కు పది పన్నెండు కోళ్ళ లెక్క చెప్తారు, కానీ ఒకటి మొరాయించినా ఇబ్బంది లేకుండా ఎక్కువే పెట్టుకోవాలి. అడుగున నిలువుగా పెట్టేవాటి కంటే పక్కకు పెట్టేవి తక్కువ కారతాయి. మర సైజుకు సరిపోయే డ్రిల్ బిట్ ఏదో షాపులోనే అడిగి తెచ్చుకోండి, రంధ్రం కాస్త పెద్దదైతే ఎన్ని చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టినా చెమ్మ ఆగదు. మూతకు పైన చిన్న రంధ్రం తప్పనిసరిగా పెట్టండి. గాలి ఆడకుండా మూత బిగిస్తే నీళ్ళు దిగేకొద్దీ లోపల గాలి పల్చబడి, కాసేపటికి నిపుల్ నొక్కినా చుక్క రాదు, బకెట్ చూస్తే నిండుగానే ఉంటుంది. చాలామంది నిపుల్ పాడైందనుకుని మార్చేది ఇక్కడే. ఈ సామాన్లు బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో వెతికితే దొరుకుతాయి.

ఎత్తు కూడా చూసుకోవాలి. పెద్ద కోడి రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి, మెడ పైకి చాపి, ముక్కు పైకెత్తి నిపుల్ పిన్నును తాకాలి. వంగి తాగేలా పెడితే పక్క నుంచి కొడుతుంది, సగం నీళ్ళు కిందే పోతాయి. ఆ తాగడం ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూడండి, పిన్ను మీద ఒక దెబ్బ, జారిన చుక్క ముక్కులో పడగానే తల వెనక్కి వాల్చి మింగడం, మళ్ళీ ఇంకో దెబ్బ. పావురంలా ముక్కు ముంచి పీల్చడం కోడికి రాదు.

బేసిన్‌కు అలవాటు పడ్డ కోళ్ళు మొదట నిపుల్ వైపు కూడా చూడవు. పొద్దున చల్లని పూట బేసిన్ తీసేసి, వాటి ముందే వేలితో పిన్ను నొక్కి చుక్క వేలాడేలా చేయండి. మెరిసే చుక్కను పొడవకుండా కోడి ఉండలేదు, ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి వచ్చేస్తాయి. అన్నీ తాగడం మీ కళ్ళతో చూసేవరకు మాత్రం మధ్యాహ్నాలు బేసిన్ తిరిగి పెట్టండి. ఎండాకాలంలో ఈ అలవాటు మాన్పించడం మొండిగా చేస్తే కోళ్ళే పోతాయి.

ఇక బెల్ డ్రింకర్. పైనుంచి వేలాడే గంట ఆకారం, దాని అంచు చుట్టూ నీళ్ళు నిలుస్తాయి, నీటి బరువుకు లోపలి స్ప్రింగు కిందికి దిగి వాల్వు మూసుకుంటుంది, తాగితే బరువు తగ్గి మళ్ళీ తెరుచుకుంటుంది. మంచిదే కానీ పదుల సంఖ్యలో కోళ్ళున్న షెడ్డుకు. మీ గూట్లో అది ఊగి ఊగి నేలంతా తడుపుతుంది. కప్పులంటే కాసిని నీళ్ళు నిలిచే చిన్న గిన్నెల్లాంటివి. అవి నాకు ఇష్టమే, ముఖ్యంగా ముసలి కోళ్ళకు, రొప్పుతున్నవాటికి తాగడం తేలిక. అయితే కప్పులో పొట్టు పడుతుంది కాబట్టి రోజూ తుడవాలి. బకెట్‌కు రెండు నిపుల్స్, రెండు కప్పులు కలిపి పెట్టినా బాగుంటుంది.

మీవారు ఒప్పుకోకుండా పైపు ఉండాల్సిందే అంటే, నిపుల్స్‌ను మాత్రం ట్యాంకుకు నేరుగా కలపొద్దనండి. ఎయిర్ కూలర్‌లో పెడతామే, ఆ ఫ్లోట్ వాల్వు ఒకటి బకెట్‌లో బిగించి పైపును దానికి ఇవ్వండి. నీళ్ళు తగ్గితే అదే నింపుతుంది, నిపుల్స్ మీద బకెట్ ఎత్తు వరకే ప్రెషర్ ఉంటుంది. పైపు ఎండలో పాకకుండా గోడ నీడన తేవాలి, ఎండలో ఉన్న నల్ల పైపులో నీళ్ళు ట్యాంకులోకన్నా త్వరగా కాగుతాయి. బకెట్‌కు గోనెసంచి చుట్టి పొద్దున తడిపి వెళ్ళండి. మే నెలలో మధ్యాహ్నం ఎవరైనా ఇంట్లో ఉంటే పాత నీళ్ళు వంపేసి కుండ నీళ్ళు పోయించండి.

ఊరెళ్ళడం గురించి: చలికాలంలో అయితే రెండు బకెట్లు పెట్టి వెళ్ళి రండి. ఒకటే ఉంటే అది కారినా, ఇరుక్కున్నా ఇంకో దారి ఉండదు కాబట్టి రెండు విడివిడిగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎంత మంచి డబ్బా పెట్టినా రోజుకోసారి మనిషి చూడాల్సిందే, పక్కింటివాళ్ళకు నాలుగు గుడ్లు ఇచ్చి తాళం చెవి అప్పజెప్పండి. ఆ చూసేవాళ్ళకు ప్రతి నిపుల్‌నూ వేలితో నొక్కి చూడమని చెప్పండి, బకెట్ నిండుగా ఉందని దూరం నుంచి చూసి వెళ్ళిపోతే లాభం లేదు.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర బ్రాయిలర్ షెడ్డు. నిపుల్ లైను వేశాం. ఒక చివర లైను కింద వరిపొట్టు ఎప్పుడూ తడిగా ముద్దలు కడుతోంది, రెండో చివర కోళ్ళు నిపుల్ దగ్గర గుమిగూడి అరుస్తున్నాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి.
– ఓ రైతు

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, లైను వాలుగా ఉంది. పైపు ఒక వైపు పది సెంటీమీటర్లు దిగితే ఆ చివర నిపుల్ మీద పది సెంటీమీటర్ల నీటి ప్రెషర్ అదనంగా పడుతుంది. నిపుల్ లైన్లు నడిచేదే చిన్న ప్రెషర్ మీద, పిల్లలప్పుడు కొద్ది సెంటీమీటర్లు, పెద్దయ్యాక ముప్పై నలభై సెంటీమీటర్ల నీటి మట్టం, అందులో పది అంటే చాలా తేడా. మొదట నీటి గొట్టంతో ఈ చివర నుంచి ఆ చివరకు లెవెల్ చూడండి, పైపు మధ్యలో వంగిన చోట వేలాడే తాళ్ళు బిగించండి. పైకి లేచిన చోట గాలి బుడగ ఆగినా అవతలి కోళ్ళకు నీళ్ళు అందవు.

తర్వాత ఒక కొలత గ్లాసు తీసుకుని రెండు చివర్లా, మధ్యలో ఒక్కో నిపుల్‌ను నిమిషం పాటు నొక్కి పట్టి నీళ్ళు కొలవండి. బ్రాయిలర్లకు ఒక సులువైన సూత్రం ఉంది: వయసు ఎన్ని వారాలో దాన్ని ఏడుతో గుణించి 20 కలపాలి, అన్ని మిల్లీలీటర్లు నిమిషానికి రావాలి. నాలుగో వారంలో 48 అన్నమాట. అంతకు మరీ ఎక్కువైతే పొట్టు తడుస్తుంది, తక్కువైతే కోడి మేత కూడా తగ్గించేస్తుంది, ఎదుగుదల ఆగాక మందుల షాపుకు పరుగెత్తి లాభం ఉండదు. మూడు చోట్లా కొలత ఒకేలా వచ్చేదాకా లెవెల్ సరిచేయండి.

ఉప్పు నీళ్ళది వేరే సమస్య. పిన్ను మొదట్లో తెల్లటి గార పేరుకుని వాల్వు పూర్తిగా మూసుకోనివ్వదు, చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. షెడ్డు ఖాళీ అయినప్పుడు సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు లైనులో నింపి ఒక రోజు ఉంచి, తర్వాత ఎక్కువ ప్రెషర్‌తో కడిగేయండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలవకూడదు, విషవాయువు వస్తుంది. ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది వాడాలి. ట్యాంకు నీళ్ళలో క్రిముల కోసం వెయ్యి లీటర్లకు పది గ్రాముల బ్లీచింగ్ పౌడర్, ముందుగా బకెట్‌లో కలిపి పైన తేరిన నీళ్ళే పోయాలి, అడుగున మిగిలిన సున్నం ట్యాంకులో పడితే మళ్ళీ అదే నిపుల్స్‌లో చేరుతుంది. విటమిన్లో బెల్లమో లైనులో ఇచ్చిన రోజు సాయంత్రమే లైను కడగండి, లేకపోతే పైపు లోపల జిగురు పొర పట్టేస్తుంది.

తడి పొట్టును ఈ రోజే ఎత్తేసి పొడిది వేయండి, రేపటికి వాయిదా వద్దు. ఆ తడిలోనే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు పెరుగుతుంది, రెట్టలో రక్తం కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర పొలంలో కోళ్ళతోపాటు నాలుగు బాతులున్నాయి. వాటికీ నిపుల్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బాతు ముక్కు రంధ్రాల దాకా తల ముంచి కడుక్కోవాలి, లేకపోతే ముక్కు, కళ్ళు పూడుకుపోతాయి. ఫ్లోట్ పెట్టిన లోతైన తొట్టి ఇవ్వండి, దాని కింద జాలీ వేసి నీళ్ళు పోయే దారి తీయండి. కోళ్ళ గూటికి దూరంగా పెట్టండి, అవి చేసే బురద కోళ్ళకు మంచిది కాదు. తొట్టిని వారానికి ఒకసారైనా పూర్తిగా ఖాళీ చేసి రుద్దితే దోమ పిల్లలు కూడా పోతాయి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా అమ్మమ్మ ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కోడిపిల్లలకు నీళ్ళు పెడుతుంది. నీళ్ళన్నీ ఒక్కసారే ఎందుకు కారిపోవు? మధ్యాహ్నం మాత్రం పళ్ళెం పొర్లిపోతోంది, ఎందుకు?
– మలక్‌పేట నుంచి ఓ విద్యార్థి

జవాబు: చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. పళ్ళెంలోని నీళ్ళను బయటి గాలి పైనుంచి నొక్కుతూ ఉంటుంది, ఆ ఒత్తిడి దాదాపు పది మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు, మీ డబ్బా జానెడే కదా. పిల్లలు తాగి పళ్ళెంలో మట్టం డబ్బా రంధ్రం కంటే కిందికి దిగగానే ఒక బుడగ గాలి లోపలికి దూరుతుంది, అంత నీరు బయటికి వస్తుంది, రంధ్రం మునిగి మళ్ళీ ఆగిపోతుంది. దగ్గర కూర్చుంటే ఆ గుడగుడ వినిపిస్తుంది. అందుకే రంధ్రం పళ్ళెం అంచు కన్నా కిందుండాలి, పైనుంటే అంతా పొర్లిపోతుంది.

మధ్యాహ్నం పొర్లడానికి ఎండే కారణం. సగం ఖాళీ అయిన డబ్బాలో పైన గాలి ఉంటుంది, అది వేడెక్కి వ్యాకోచించి నీళ్ళను బయటికి తోస్తుంది. నీడలో పెట్టి, పదకొండు గంటలప్పుడు మళ్ళీ నిండా నింపమని అమ్మమ్మతో చెప్పు. పళ్ళెంలో నాలుగు గులకరాళ్ళు కూడా వేయండి, చిన్న పిల్లలు మునిగిపోకుండా ఉంటాయి.

ప్రశ్న: కొక్కెర తెగులు టీకా నీళ్ళలో ఇమ్మన్నారు. బకెట్ నిపుల్స్‌లో కలిపేయవచ్చా?
– ఓ పాఠకుడు, మేడ్చల్

జవాబు: వద్దు, ఆ రోజుకు పాత పద్ధతిలో పళ్ళాలే వాడండి, ఏ కోడి తాగిందో కంటికి కనిపిస్తుంది. నల్లా నీళ్ళలోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది కాబట్టి క్లోరిన్ లేని నీళ్ళు వాడాలి, లీటరుకు సుమారు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి పెట్టుకుంటే మిగిలిన కాస్త క్లోరిన్ కూడా విరుగుతుంది. లోహపు గిన్నెలు, సబ్బుతో తోమిన గిన్నెలు వద్దు. తెల్లవారుజామున బకెట్ తీసేసి, గంటా గంటన్నర దాహం వేయనిచ్చి, అప్పుడు టీకా కలిపి రెండు గంటల్లో అయిపోయేంత నీళ్ళే పెట్టండి. ఎండెక్కిన తర్వాత కోళ్ళను దాహంతో ఉంచకూడదు, కాబట్టి పని ఎనిమిదింటికల్లా ముగించి బకెట్ తిరిగి వేలాడదీయండి.