గుండు చేయించుకుంటేనే సెలవా?

"దేవుణ్ణి నమ్మనివాళ్ల పట్టింపులకు కూడా భక్తుల పట్టింపులతో సమానంగా మినహాయింపులు ఇవ్వాలా?" అని అడిగారు. ఇవ్వాల్సిందే. మా నాన్న పోయినప్పుడు జరిగింది చెప్తాను.

మాది మిర్యాలగూడ పక్కన ఊరు. నాన్న జీవితమంతా ఎర్రజెండా మనిషి. "నేను పోతే పిండాలు గిండాలు పెట్టకుండ్రి, కండ్లు మాత్రం ఇయ్యుండ్రి" అని ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నాడు. కళ్లు ఆరు గంటల లోపే తీయాలి. అందుకని ఏడవడానికి ముందే ఫోన్లు చేయాల్సి వచ్చింది. జెండా కప్పి సాగనంపాం. పదకొండో రోజున ఊళ్లో సంతాప సభ పెట్టుకున్నాం.

అప్పుడు నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల సార్‌ని. రెండు రోజులు సెలవడిగితే ప్రిన్సిపాల్ సార్ నా నెత్తి వైపు చూసి, "గుండే చేయించుకోలేదు, ఇంక దినాలేంది సార్?" అన్నారు. సభ అని చెప్తే "మీటింగులకు సెలవులుండవు" అన్నారు. అయినా వెళ్లాను. జీతం కోశారు.

అదే స్టాఫ్ రూంలో సోషల్ సార్ అయ్యప్ప మాలలో ఉన్నాడు. 41 రోజులు నల్ల బట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్లు. టక్ చేసుకుని బూట్లతో రావాలన్న రూలు ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ అభ్యంతరం లేదు. ఆ రెండు రోజులు నా క్లాసులు చూసుకుంది ఆ స్వామే. భిన్నాలు తప్పు చెప్పాడనుకోండి, వచ్చాక మళ్లీ చెప్పుకున్నాను.

రాజ్యాంగం 25వ అధికరణలో మతం కంటే ముందు రాసింది అంతరాత్మ స్వేచ్ఛ. కోర్టులో కూడా దేవుడి పేరెత్తకుండా ప్రమాణం చేయొచ్చు. అమెరికాలో వెల్ష్ అనే ఆయన, చంపడం తప్పు కాబట్టి సైన్యంలో చేరనన్నాడు, మతం వల్ల అనలేదు. 1970లో సుప్రీంకోర్టు ఆయన శిక్ష కొట్టేసింది. వాళ్లు యుద్ధానికే మినహాయింపు ఇస్తే, మన దగ్గర రెండు సెలవులకు గుండు చూపించాలి.

"ఇట్లయితే ప్రతివాడూ నాకో సిద్ధాంతం ఉందంటాడు" అంటారు. మాల వేసుకున్నవాళ్ల నిష్ఠకు ఎవరైనా పరీక్ష పెడుతున్నారా?

మా మేనత్త ఇప్పటికీ నా జుట్టు చూసి మొహం తిప్పుకుంటుంది. ఆమెతో వాదించను. నా జీతం ఆమె చేతిలో లేదు కదా.