సమాధానం: లెక్కలో 53 డెసిబెల్లు, కొలతలో 48 ఎందుకు?

రెండు పడకగదుల మధ్య శబ్దం ఎంత తగ్గుతుందో సాఫ్ట్‌వేర్‌లో లెక్కిస్తే 53, ఇంట్లో కొలిస్తే 48 వచ్చిందని అడిగారు. తేడాకు కారణం చాలావరకు మధ్య గోడ కాదు, దానికి ఆనుకున్న కట్టడం. మీ సాఫ్ట్‌వేర్ నమూనాలో ఆ గదుల మధ్య ఇటుక గోడకు ప్రయోగశాల విలువ 53 మాత్రమే ఇచ్చారు. ప్రయోగశాలలో శబ్దం దాదాపుగా ఆ గోడ గుండానే దాటుతుంది, ఇంట్లో మాత్రం స్లాబులు, పక్క గోడలు కంపించి దాన్ని చేరవేసే మార్గాలు మరో 12 ఉంటాయి.

1. గదుల మధ్య శబ్దనిరోధాన్ని కట్టడ భాగాల విలువల నుంచి లెక్కించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12354-1 పద్ధతిలో నాలుగు పక్క భాగాలకూ (పై, కింది స్లాబులు, రెండు పక్క గోడలు) తలా మూడు మార్గాలు చేర్చండి.

2. సాధారణంగా లెక్క తప్పేది అతుకు దగ్గర, అంటే గోడలు, స్లాబులు కలిసే చోట, కంపన తగ్గుదలలో. గట్టిగా కలిసిన టీ ఆకారపు అతుకులో తిన్నగా సాగే మార్గానికి అది 5.7 + 14.1ఎం + 5.7ఎం² డెసిబెల్లు. అడ్డుగా ఉన్న భాగపు చదరపు మీటరు బరువును, శబ్దం సాగే భాగపు బరువుతో భాగించి తీసిన లాగరిథమే ఎం. ఈ నిష్పత్తి తిరగబడితే ఎం గుర్తు మారి, తేలిక గోడ వెంట వచ్చే శబ్దం ఉన్నదానికంటే ఎక్కువగా, బరువైన స్లాబు వెంట వచ్చేది తక్కువగా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోదు. నాలుగు భాగాలు కూడిక గుర్తులా కలిసే అతుకుకు గుణకాలు వేరు.

3. మార్గాల డెసిబెల్లను నేరుగా కాక, శక్తి రూపంలోకి మార్చే కూడండి. ఒక్కో పక్క మార్గం 62 అయినా పన్నెండూ కలిసి 51కి దిగుతాయి. నేరు మార్గపు 53 చేరితే మొత్తం 49.

4. కొలిచింది ప్రతిధ్వని సమయంతో ప్రమాణీకరించిన స్థాయి భేదమైతే (రెండు గదుల శబ్ద స్థాయిల తేడాను, గదిలో ప్రతిధ్వని నిలిచే సమయాన్ని బట్టి సరిచేసిన విలువ), పోల్చేముందు లెక్కకు 10 లాగ్ (0.32 × గది ఘనపరిమాణం ÷ గోడ వైశాల్యం) కలపండి. 30 ఘనమీటర్ల గదికి, 12 చదరపు మీటర్ల గోడకు ఇది సుమారు మైనస్ 1; అంటే పై 49 కాస్తా 48 అవుతుంది.