ఈఎంఐ మీద గేమింగ్ కంప్యూటరా, రెండు విడతల్లో నగదుకా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 27,000 వస్తుంది. ఇంట్లో 9,000 ఇస్తాను, నా ఖర్చులు ఇంకో 9,000. బ్యాంకులో 86,000 ఉన్నాయి. మొదటిసారి గేమింగ్ కంప్యూటర్ కొందామనుకుంటున్నా. వాలరెంట్, జీటీఏ 5 ఎక్కువ ఆడతాను. ఒక షాపులో 82,000కు కొటేషన్ ఇచ్చారు: ఐ5-12400ఎఫ్, 8 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు, లిక్విడ్ కూలర్, 27 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్, ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె)తో కలిపి కేబినెట్. 22,000 కడితే మిగతా 60,000కు 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ అట. నగదుకైతే 78,000. ఇంకోచోట ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు 28,000కే అంటున్నారు. ఏది నయం?

జవాబు: రెండూ వద్దు. 50,000 నగదుతో ఇప్పుడు కార్డు లేని కంప్యూటర్ కట్టించుకుని, కార్డును ఐదో నెల చివర కొనండి.

ముందు ఆ 28,000 బేరం సంగతి. ఆ ధరకు వచ్చే ‘ఐ7’ సాధారణంగా 2012-13 నాటి 3770 లేదా 4770. విండోస్ 11కు ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరం నుంచే మద్దతు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ‘4 జీబీ కార్డు’ అంటే చాలావరకు జీటీ 730 అయి ఉంటుంది. మెమొరీ ఎంత ఉన్నా ఆ చిప్‌కు సత్తువ లేదు. ప్రాసెసర్, కార్డు పూర్తి మోడల్ నంబర్లు అడగండి, మీకే తెలిసిపోతుంది.

ఇక ఈఎంఐ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మీ లెక్కే చూడండి. నెలకు 5,000 చొప్పున 12 నెలలు కడతారు. బ్యాంకు 15 శాతం వడ్డీ వేసుకుంటే అందులో అసలు సుమారు 55,400, వడ్డీ 4,600. ఆ 4,600ను షాపు తగ్గింపుగా సర్దుతుంది కాబట్టే ‘నో-కాస్ట్’ అంటారు. క్రెడిట్ కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది సుమారు 830. దానిపైన ప్రాసెసింగ్ ఫీజు. నగదు ధరతో ఉన్న 4,000 తేడా కలిపితే దగ్గరదగ్గర 5,000 అదనం. ఇది మిమ్మల్ని ముంచేసే మొత్తం కాదు, నిజమే. అసలు నష్టం వేరే ఉంది. ఈఎంఐ ఆ ప్యాకేజీకే ఇస్తారు కాబట్టి, అందులోని పనికిరాని సామాను కూడా మీ నెత్తికెక్కుతుంది.

ఆ కొటేషన్‌లో పనికిరానివి ఏవంటారా? 12400ఎఫ్ 65 వాట్ల ప్రాసెసర్. పెట్టెలోనే కూలర్ వస్తుంది, లిక్విడ్ కూలర్ దండగ. 1080పీలో (1920×1080 చుక్కల బొమ్మతో) ఆడేవాళ్లకు 24 అంగుళాలు చాలు, 27 మీద అదే బొమ్మ పలచబడుతుంది. ఇన్ని ఆర్భాటాలు చేసి, ర్యామ్ మాత్రం ఒకే 8 జీబీ స్టిక్! అన్నింటికంటే భయపడాల్సింది కేబినెట్‌తో ‘ఉచితంగా’ వచ్చే ఎస్‌ఎంపీఎస్. దాని మీద 450 వాట్లని రాసి ఉన్నా 12 వోల్టుల లైను మీద అంత ఇవ్వలేదు. కార్డు పూర్తి లోడు లాగితే కంప్యూటర్ ఆగిపోవచ్చు, లేదా ఎస్‌ఎంపీఎస్ కాలిపోతూ మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోవచ్చు.

మీ నెల ఖర్చు 18,000. రెండు నెలలకు సరిపడా 36,000 ముట్టుకోకండి. మిగిలేది 50,000. కింద రాసినవి మార్కెట్ రేట్లు కావు, మీరు దాటకూడని హద్దులు.

ప్రాసెసర్: ఏఎండీ రైజెన్ 5 5600జీ, 11,500 లోపు. లోపలే గ్రాఫిక్స్ ఉంటాయి, కూలర్ పెట్టెలోనే వస్తుంది. వాలరెంట్ 1080పీ తక్కువ సెట్టింగుల్లో సాఫీగా ఆడుతుంది, జీటీఏ 5 సాధారణ సెట్టింగుల్లో ఆడదగ్గట్టు ఉంటుంది. కొత్త భారీ గేములకు కార్డు వచ్చేదాకా ఆగాల్సిందే. 12400ఎఫ్ వేగంలో దీనికన్నా కొంచెం మెరుగే. కానీ ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు. రేపు కార్డు చెడిపోయి వారంటీకి హైదరాబాద్ వెళ్తే, అది తిరిగొచ్చేదాకా స్క్రీన్ మీద బొమ్మే రాదు. 5600జీ అయితే ఆ రోజుల్లోనూ పని నడుస్తుంది.

బోర్డు: బీ450 లేదా బీ550, 7,500 లోపు. బీ450 పాత స్టాకైతే ‘బయోస్ రైజెన్ 5000కు అప్‌డేట్ చేశారా’ అని అడగండి. బయోస్ అంటే కంప్యూటర్‌ను లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్. దాన్ని అప్‌డేట్ చేయకపోతే స్విచ్ వేసినా తెర నల్లగానే ఉంటుంది.

ర్యామ్: డీడీఆర్4 3200, 8 జీబీవి రెండు, 9,500 లోపు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. మీ బడ్జెట్‌కు ఇప్పుడు గుచ్చుకునే ముల్లు ఇదే. అయినా ఒక్క స్టిక్‌తో సరిపెట్టుకోవద్దు. 5600జీ గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. స్టిక్ ఒకటే అయితే సెకనుకు వచ్చే ఫ్రేములు దారుణంగా పడిపోతాయి. కొత్తవి హద్దు దాటితే సెకండ్‌హ్యాండ్‌కు వెళ్లండి. పాతది కొన్నా పెద్దగా భయం లేని భాగం ఇదొక్కటే. మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) ఒక పూర్తి పాస్ నడిపించి, తప్పు ఒక్కటీ రాకపోతేనే డబ్బివ్వండి.

ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తింపు), పేరున్న కంపెనీది, 4,500. దీన్ని పాతది కొనకండి, బేరమాడి తక్కువ రకానికి దిగకండి. గేములు, ఫైళ్లు దాచే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి 5,000. ముందు భాగం జాలీలా ఉన్న కేబినెట్‌కు 3,000. ముందంతా గాజు ఉన్నది వరంగల్ ఎండాకాలానికి పనికిరాదు. 24 అంగుళాల 100 హెర్ట్జ్ (సెకనుకు 100 సార్లు బొమ్మ మార్చే) ఐపీఎస్ మానిటర్‌కు 8,000, కీబోర్డు-మౌస్‌కు 1,000. మొత్తం 50,000.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకే షాపులో, హనుమకొండలోనే కొనండి. ఒకదానికొకటి పడకపోతే తేల్చాల్సిన బాధ్యత ఒక్కరిదే అవుతుంది. రేటు తేల్చుకోవడానికి సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపులకు ఫోన్ చేసి అడగండి. తేడా రెండు వేల లోపైతే కాజీపేట నుంచి 132 కిలోమీటర్లు పోయిరావడం దండగే. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. ‘బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తా’ అంటే ఒప్పుకోవద్దు.

కట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. బోర్డుకు నాలుగు ర్యామ్ స్లాట్లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4లో పెట్టాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా తరచూ 2133 లేదా 2400 లాంటి తక్కువ వేగం మీదే నడుస్తుంది. వాలరెంట్ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులు అడుగుతుంది, ఆ రెండూ బయోస్‌లోనే ఆన్ చేయించండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ ఉంటే 100కు మార్చండి, లేకపోతే ఆ మానిటర్‌కు పెట్టిన డబ్బు వృథా.

నెలనెలా మిగిలే 9,000లో మొదటి నెలది యూపీఎస్‌కు, 1 కేవీఏది. అందులో మిగిలింది అత్యవసర నిధికి. రెండో నెల నుంచి 6,000 కార్డుకు, 3,000 ఆ నిధికి. ఇంత తక్కువ కాలానికి ఆర్‌డీ అక్కర్లేదు. జీతం పడే ఖాతా కాకుండా వేరే ఖాతాలో వేయండి, చాలు. ఐదో నెల చివరికి 24,000 చేరతాయి.

ఆ డబ్బుతో ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ చూడండి. 132 వాట్లు, ఒక 8-పిన్ కేబుల్, కొటేషన్‌లోని 3050 6 జీబీ కన్నా స్పష్టంగా వేగం. అది దొరక్కపోతే ఆర్‌ఎక్స్ 7600, 165 వాట్లు. మీ ఎస్‌ఎంపీఎస్ దానికీ చాలు. చవకని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం వద్దు. దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారులు), 5600జీ ఇచ్చేది పాత పీసీఐఈ 3.0 వేగం, రెండూ కలిసి కార్డును సగం కట్టేస్తాయి. పాత కార్డయితే షాపులోనే జీపీయూ-జెడ్ (కార్డు అసలు వివరాలు చూపే ప్రోగ్రామ్) నడపండి. బయోస్ మార్చిన నకిలీలను చాలావరకు అది పట్టేస్తుంది. కార్డు బిగించాక మానిటర్ కేబుల్‌ను బోర్డు నుంచి తీసి కార్డుకు పెట్టాలి. ‘కార్డు పెట్టినా తేడా లేదు’ అనేవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు.

కొటేషన్‌లో ఎవరూ రాయని ఖర్చు ఇంకొకటి: కరెంటు. కార్డుతో ఆడుతుంటే మానిటర్‌తో కలిపి సుమారు 300 వాట్లు. రోజుకు నాలుగు గంటలంటే నెలకు 36 యూనిట్లు. మీ ఇంటికి గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే 200 యూనిట్ల గీత జాగ్రత్త. ఇప్పుడు 170 కాలుతుంటే 206 అవుతుంది. దాటిన ఆరింటికే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది: 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, ఆరింటికి 7.70 చొప్పున 46, పైన ఫిక్స్‌డ్ చార్జీలు. కార్డు కొనే ముందు పోయిన ఏప్రిల్, మే బిల్లులు తీసి యూనిట్లు చూడండి. 160 దాటి ఉంటే ఆ రెండు నెలలూ ఆట రోజుకు రెండు గంటలకు తగ్గించాలి (180 కూడా దాటి ఉంటే అదీ చాలదు), లేదా ఆ వెయ్యి మీరే కడతానని ఇంట్లో ముందే చెప్పాలి.