ఫ్రాన్స్ ఆచితూచి ఆడటం తప్పా? మా కాలువ లాకు దగ్గర నాకు దొరికిన జవాబు

మీ ప్రశ్న ఇది: "ఎంబాపె, గ్రీజ్‌మన్, డెంబెలే లాంటి గోల్స్ కొట్టే వాళ్లు ఉండి కూడా 2024 యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ పోటీ)లో ఫ్రాన్స్ అంత ఆచితూచి ఎందుకు ఆడింది? అది కోచ్ దెషాం తప్పా, లేక అదే తెలివైన ఆటా?"

నేను కోనసీమలో ఒక హైస్కూల్లో పీఈటీని. పదేళ్లకు పైగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఫ్రాన్స్ చేసిన పొరపాటు లాంటిదే మా పిల్లలతో నేనూ చేశాను, దాని ఫలితం కళ్లారా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. ఆస్ట్రియా మీద 1-0, అది వోబర్ కొట్టుకున్న సెల్ఫ్ గోల్. నెదర్లాండ్స్‌తో 0-0. పోలండ్‌తో 1-1, అందులో మనవాళ్లది (ఫ్రాన్స్‌ని నేను అలాగే అంటాను) ఎంబాపె పెనాల్టీ. బెల్జియం మీద 1-0, మళ్లీ సెల్ఫ్ గోలే, ఈసారి వెర్టోంగెన్. పోర్చుగల్‌తో 0-0, పెనాల్టీ షూటౌట్‌లో 5-3తో గెలుపు. ఐదు మ్యాచ్‌లు ఆడి సెమీస్‌కి వచ్చారు గానీ, ఆట నడుస్తుండగా ఫ్రాన్స్ ఆటగాడు కొట్టిన గోల్ ఒక్కటీ లేదు. ఇచ్చిన గోల్ కూడా ఒక్కటే, అదీ లెవాండోస్కీ పెనాల్టీ. మొదటి మ్యాచ్‌లోనే ఎంబాపె ముక్కు విరిగిన మాట నిజం, ఆ తర్వాత మాస్కుతో ఆడాడు. కానీ ఒక్కడి ముక్కు విరిగితే జట్టు మొత్తం గోల్ కొట్టడం మానేయదు కదా.

ఇక నా సంగతి. ఒక ఏడాది స్కూల్ పోటీల్లో మా జట్టు 4-1తో ఓడిపోయింది. అందరూ బంతి వెంట పైకి పరిగెత్తేవాళ్లు, వెనక మా గోల్‌కీపర్ ఒక్కడే మిగిలేవాడు. తర్వాతి ఏడాది నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. ఫుల్‌బ్యాక్‌లు (కుడి, ఎడమ అంచుల్లో ఆడే డిఫెండర్లు) ఇద్దరికీ "హాఫ్ లైన్ దాటొద్దు" అని చెప్పాను. మధ్యలో ఆడే వాళ్లలో ఇద్దరిని స్టాపర్ల (గోల్ ముందు నడిమధ్య ఉండే డిఫెండర్ల) ముందే నిలబెట్టాను. మొదటి రెండు మ్యాచ్‌లూ 0-0, రెండూ పెనాల్టీల్లో గెలిచాం. ఊళ్లో పెద్దలు కూడా "ఈసారి టీమ్‌ని బాగా కట్టారండి మాస్టారూ" అన్నారు.

మూడో మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లోనే మాకు గోల్ పడింది. సెకండ్ హాఫ్ అంతా నేను గట్టు మీద నుంచి "పైకెళ్లండ్రా" అని అరుస్తూనే ఉన్నాను. మా లెఫ్ట్ బ్యాక్ కుర్రాడి ముందు అంతా ఖాళీ. బంతితో హాఫ్ లైన్ దాకా వచ్చాడు, అక్కడ గోడ ఉన్నట్టు ఆగిపోయాడు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపేసరికి అవతల వాళ్లు ముగ్గురు వచ్చేశారు. బంతి వెనక్కి ఇచ్చేశాడు. అలా ఎన్నిసార్లు జరిగిందో! వాడికి ఆట రాక కాదు. రెండు నెలలు రోజూ ఆ గీత దాటొద్దని నేనే వాడి కాళ్లకు నేర్పాను. ఒక్క అరుపుతో అది పోతుందా?

మ్యాచ్ అయ్యాక మా స్ట్రైకర్ మోకాళ్ల దాకా బురదతో వచ్చి, మంచినీళ్ల బాటిల్ పట్టుకుని నెమ్మదిగా అన్నాడు: "మాస్టారండీ, మొత్తం మీద నాకు బంతి ఆరుసార్లే వచ్చిందండి." వాడు లెక్కపెట్టుకున్నాడు. ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఊరి కాలువ మీద పాత లాకు ఉంది, పడవలు నడిచిన రోజుల్లో కట్టింది. డెల్టాలో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఎగువ నుంచి వచ్చిన పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. లోపలి నీటిని దిగువ మట్టానికి దింపి, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. రెండు వైపులా ఒకేసారి తీస్తే నీళ్లన్నీ ఒక్క ఊపున దూకేస్తాయి. రెండు వైపులా మూసే ఉంచితే పడవ అక్కడే ఉండిపోతుంది. ఒక ఆదివారం పిల్లల్ని ఆ లాకు దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెట్టాను. మొదటి ఏడాది మనం రెండు తలుపులూ తీసేశాం, రెండో ఏడాది రెండూ మూసేశాం అని చెప్పాను. వాళ్లకు వెంటనే అర్థమైంది.

ఆ తర్వాత ప్రాక్టీస్ మార్చాను. బంతి ఎడమ వైపు ఉంటే లెఫ్ట్ బ్యాక్ పైకి వెళ్లాల్సిందే, వెళ్లకపోతే ఆట ఆపేసేవాణ్ణి. అదే సమయంలో రైట్ బ్యాక్ లోపలికి జరిగి ఇద్దరు స్టాపర్ల పక్కన మూడోవాడిగా నిలబడాలి. వాళ్ల ముందు ఒక మిడ్‌ఫీల్డర్ ఉండాలి. బంతి కుడి వైపుకి మారితే ఇదంతా తిరగబడాలి. చెప్పడానికి రెండు ముక్కలే, పిల్లలకు ఒంటబట్టడానికి ఒక సీజన్ పట్టింది. ఆ ఏడాది క్వార్టర్స్‌లో 3-2తో ఓడిపోయాం. మా స్ట్రైకర్ రెండు గోల్స్ కొట్టాడు, ఈసారి వాడు లెక్కపెట్టుకోలేదు.

ఇప్పుడు 2018 ప్రపంచ కప్ నాటి ఫ్రాన్స్ దగ్గరికి రండి. కోచ్ అప్పుడూ దెషామే, అప్పుడూ జాగ్రత్తపరుడే. గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లకు కలిపి మూడు గోల్సే, డెన్మార్క్‌తో 0-0. కానీ ఆ జాగ్రత్తకు ఒక పద్ధతి ఉంది. ఎడమ వింగ్‌లో మట్యూడిని పెట్టాడు, అతను అసలు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్. అతను వెనక కాపలా కాసేవాడు కాబట్టే కుడి వైపు ఎంబాపె స్వేచ్ఛగా పరిగెత్తగలిగాడు. ఒక తలుపు మూసింది రెండోది తీయడానికే. అర్జెంటీనాతో 2-1 వెనకబడినప్పుడు రెండు తలుపులూ తీసేశారు కూడా. లెఫ్ట్ బ్యాక్ లుకాస్ హెర్నాండెజ్ క్రాస్ వేస్తే, అవతలి వైపు నుంచి రైట్ బ్యాక్ పవార్ వచ్చి గాల్లోనే కొట్టాడు, 2-2. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ ఒకేసారి పైన! ఆ తర్వాత ఎంబాపె రెండు కొట్టాడు, 4-3తో గెలిచారు. వెళ్లాల్సినప్పుడు వెళ్లడం ఆ జట్టు మరిచిపోలేదు.

2024 యూరోలో స్పెయిన్‌తో ఫ్రాన్స్ సెమీస్ నేను మా బావమరిది రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో, ఏరేటర్ల చప్పుడులో, ఫోన్‌లో చూశాను. మనకి రాత్రి 12:30కి మొదలైంది, వాడికి ఎలాగూ రాత్రి కాపలా తప్పదు. తొమ్మిదో నిమిషంలో ఎంబాపె క్రాస్‌కి కోలో మువాని తలతో కొట్టాడు. ఇద్దరం లేచి నిలబడ్డాం. 21వ నిమిషంలో ఇంకా పదిహేడేళ్లు నిండని యమాల్, 25వ నిమిషంలో ఓల్మో స్పెయిన్‌కి గోల్స్ కొట్టారు. ఇంకా గంటకు పైగా ఆట ఉంది. ఫ్రాన్స్ మళ్లీ కొట్టలేకపోయింది, 2-1తో ఓడిపోయింది. సెకండ్ హాఫ్ మధ్యలో మా బావమరిది అడిగాడు: "ఏంటి బావా, ముందున్నోడికి బంతి సరిగ్గా ఇచ్చేవాడే లేడా?" నాకు మా స్ట్రైకర్ మాట గుర్తొచ్చింది, గీత దగ్గర ఆగిపోయిన మా లెఫ్ట్ బ్యాక్ కూడా గుర్తొచ్చాడు. ఐదు మ్యాచ్‌ల పాటు కాళ్లకు పట్టుకున్న అలవాటు ఆరో మ్యాచ్‌లో అవసరం పడగానే వదల్లేదని నా నమ్మకం.

మన దగ్గరా గొప్ప ఉదాహరణ ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్, హైదరాబాద్ రహీం గారు, తలకి గాయమైన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఎప్పుడు తెగించాలో తెలిసిన కోచ్ ఆయన.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: ఆచితూచి ఆడటం తప్పు కాదు, అదే ఆటతో ఈ కోచ్ 2018 ప్రపంచ కప్ గెలిచాడు. 2024లో తప్పేమిటంటే, దాడికి వెళ్లే దారిని ముందు మ్యాచ్‌ల్లో అలవాటు చేయకపోవడం. నమ్మకం లేకపోతే జాగ్రత్తగా ఆడే ఏ జట్టు మ్యాచ్ అయినా పెట్టుకుని ఒక పది నిమిషాలు బంతిని వదిలేయండి, బంతికి అవతలి వైపున్న ఫుల్‌బ్యాక్‌ని మాత్రమే చూడండి. అతను లోపలికి జరిగి నిలబడ్డాడా, ఇవతలి వాడు పైకి వెళ్లాడా అన్నది గమనించండి. ఇద్దరూ హాఫ్ లైన్ దగ్గరే కనిపిస్తే, వాళ్ల స్ట్రైకర్‌కి బంతి ఎన్నిసార్లు అందిందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ చూడండి.