పదహారు గంటల చీకటిలో అస్తిత్వ చర్చ: నేపాల్ రాజ్యాంగ సభ రోజుల అనుభవం

ప్రశ్న ఇది: “కొత్తగా ఎన్నికైన ప్రజాప్రతినిధులు కరెంటు, రోడ్లు, ఉద్యోగాలు వంటి అసలు సమస్యలను పక్కన పెట్టి, భాష, మతం, రాష్ట్రాల పేర్లు అంటూ దేశ అస్తిత్వం మీద నెలల తరబడి వాదించుకోవడం కాలహరణం కాదా?”

నన్ను ఇదే ప్రశ్న 2009 జనవరిలో అడిగి ఉంటే నిస్సందేహంగా కాలహరణమే అని రాసేవాణ్ణి. అప్పుడు నేను ఖాట్మండులో ఉన్నాను. విద్యుత్ లైన్ల సర్వే పని మీద 2008 వర్షాకాలంలో వెళ్లి రెండున్నరేళ్లు అక్కడే గడిపాను. కరెంటు పని కోసం వెళ్లినవాడికి ఆ చలికాలంలో రోజుకు పదహారు గంటలు కరెంటు లేని ఊరు దొరికింది. ఏ పేటకు ఏ వేళ సరఫరా ఉంటుందో గ్రూపులవారీగా పట్టిక ప్రకటించేవారు. మా ఇంటి యజమాని దానిని పత్రికలోంచి కత్తిరించి, మనం పంచాంగం తగిలించుకునే చోట తగిలించాడు. కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో అర్ధరాత్రే లేచి బట్టలు ఇస్త్రీ చేసుకునేవాళ్లం. అంతకు ముందు ఆగస్టులో కోసీ నది గట్టు తెగి సున్సరీ జిల్లా గ్రామాలు మునిగిపోయాయి. ఇంత జరుగుతుండగా, న్యూ బానేశ్వర్‌లోని సమావేశ భవనంలో రాజ్యాంగ సభ సభ్యులు 601 మంది దేశాన్ని ఎన్ని ప్రదేశాలుగా (రాష్ట్రాలను అక్కడ అలా అంటారు) విభజించాలి, వాటికి జాతుల పేర్లు పెట్టాలా నదుల పేర్లు పెట్టాలా అని వాదించుకుంటున్నారు. నాకు ఒళ్లు మండేది.

ఆ సభ గురించి కొంత చెప్పాలి. 2008 ఏప్రిల్ 10న జరిగిన ఎన్నికల్లో 240 మంది నియోజకవర్గాల నుంచి, 335 మంది దామాషా పద్ధతిలో ఎన్నికయ్యారు. మరో 26 మంది నామినేట్ అయ్యారు. దాదాపు మూడో వంతు మహిళలు. అంతకు ముందు అధికారం గడప తొక్కని జనజాతులు (ఆదివాసీ తెగలు), దళితులు, భారత్ సరిహద్దు వెంట ఉన్న తరాయి మైదానాల మధేసీలు తొలిసారి ఇంత సంఖ్యలో వచ్చి కూర్చున్నారు. మే 28న మొదటి సమావేశంలోనే 560–4 ఓట్లతో రాచరికం రద్దయింది. అయితే 1960 నుంచి 1990 వరకు పార్టీలు లేకుండా రాజు చేతిలో సాగిన పంచాయత్ పాలన ‘ఒకే రాజు, ఒకే దేశం, ఒకే భాష, ఒకే వేషం’ అన్న నినాదంతోనే నేపాలీతనాన్ని నిర్వచించింది. రాజును తీసేశాక మిగిలినవాటిని ఏం చేయాలన్నది తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న అయి కూర్చుంది.

నా అభిప్రాయాన్ని మార్చినది సభలోని ఏ ప్రసంగమూ కాదు, ఒక మైక్రోబస్సు ప్రయాణం. తరాయిలోని జనక్‌పూర్ ప్రాంతానికి చెందిన, మైథిలి మాట్లాడే ఒక మధేసీ సహోద్యోగితో కలిసి సర్వే పరికరాలతో బస్సు ఎక్కాను. కండక్టరు మా ఇద్దరి నలుపు చూసి, పండ్ల బండ్లవాళ్లను పిలిచే ధోరణిలోనే ‘ఏ భయ్యా, వెనక్కి పో’ అని కసిరాడు. నాకు వచ్చిన అరకొర హిందీలో నేను దక్షిణ భారతదేశం నుంచి వచ్చిన ఇంజనీరునని చెప్పగానే ముందు సీటు చూపించి ‘దాయి (అన్నా), ఇక్కడ కూర్చోండి’ అన్నాడు. విదేశీయుడినైన నాకు మర్యాద దక్కింది. ఆ దేశ పౌరసత్వ పత్రం జేబులో పెట్టుకు తిరిగే నా మిత్రుడు మాత్రం పరికరాలు ఒళ్లో పెట్టుకుని వెనకే కూర్చున్నాడు. దిగాక ఆయన ఈ విషయమే ఎత్తలేదు. రాత్రి కొవ్వొత్తి వెలుగులో భోంచేస్తున్నప్పుడు మాత్రం, “మీకు కరెంటు లేకపోవడమే చీకటి” అని నవ్వి ఊరుకున్నాడు.

2008 జులైలో ఉపరాష్ట్రపతి పరమానంద ఝా హిందీలో ప్రమాణం చేయడంతో ఖాట్మండు వీధుల్లో ఆయన దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. ఆయన మాతృభాష మైథిలి అయి ఉండగా హిందీని ఎందుకు ఎంచుకున్నారని తెలుగువాడిగా నాకూ కొంత చిరాకు కలిగిన మాట నిజం. సుప్రీంకోర్టు ఆ ప్రమాణం చెల్లదన్నది. నేపాలీలో మళ్లీ చేయనని ఆయన భీష్మించారు. చివరికి మాతృభాషలో ప్రమాణం చేసే వీలు కల్పిస్తూ తాత్కాలిక రాజ్యాంగాన్ని సవరించాక, 2010 ఫిబ్రవరిలో మైథిలిలో ప్రమాణం చేశారు. ఒక ప్రమాణానికి ఏడాదిన్నర పట్టిందని మా ఆఫీసులో నవ్వుకున్నాం. నవ్వనిది మా ఇంటి యజమాని ఒక్కడే. ఆయన ఖాట్మండు లోయ మూలవాసులైన, సొంత భాష ఉన్న నేవార్ జాతివాడు, పుట్టి పెరిగింది ఖాట్మండులోనే. సభ్యులను రోజూ తిట్టిపోసే ఆ పెద్దాయన, తన ఊరి నగరపాలక సంస్థ తన భాషను వాడకూడదని 1999లో సుప్రీంకోర్టు చెప్పిన రోజును మాత్రం ఇంట్లో ఎవరో పోయిన రోజులా తలుచుకునేవాడు. నేపాలీ మాతృభాషగా ఉన్నవారు ఆ దేశ జనాభాలో సగం కూడా లేరన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. 2011 జనగణనలో వారి వాటా 44.6 శాతం, నమోదైన భాషలు 123.

కనుక నా జవాబు ఇది. ఆ చర్చ కాలహరణం కాదు. ఖాట్మండులో కాలం వృథా అయినది సభ్యులు వాదించుకోవడం వల్ల కాదు, వాదనను వారి చేతుల్లోంచి లాగేసుకోవడం వల్ల. సభ విషయాలవారీగా సంఘాలను వేసుకుంది. సభ్యులు జిల్లాలకు వెళ్లి ప్రశ్నావళులు పంచి అభిప్రాయాలు సేకరించారు. 2010 జనవరి నాటికి పద్నాలుగు ప్రదేశాల ప్రతిపాదన కూడా వచ్చింది. చిక్కుముడి బిగిసిన ప్రతిసారీ మూడు నాలుగు పార్టీల అగ్రనాయకులు తలుపులు వేసుకుని మాట్లాడుకోవడం, మిగతా సభ్యులు బయట వేచి ఉండటం అలవాటుగా మారింది. రెండేళ్ల గడువును నాలుగుసార్లు పొడిగించి, 2012 మే నెలలో రాజ్యాంగం లేకుండానే సభ రద్దయింది.

2013లో ఎన్నికైన రెండో సభ కథ ఇందుకు తిరగేసిన రూపం. 2015 ఏప్రిల్ భూకంపంలో దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయాక, ‘ఇప్పుడు ప్రాధాన్యం పునర్నిర్మాణం, తగవులు తర్వాత’ అన్న వాదన బలపడి, పెద్ద పార్టీలు రాజ్యాంగం మీద జూన్‌లో పదహారు అంశాల ఒప్పందం చేసుకున్నాయి. ముసాయిదా మీద ప్రజాభిప్రాయానికి రెండు రోజులు కేటాయించారు. సెప్టెంబరులో 507–25 ఓట్లతో రాజ్యాంగం ఆమోదం పొందింది. మధేసీ పార్టీలు ఓటింగునే బహిష్కరించాయి. తరాయిలో జరిగిన నిరసనల్లో నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. సరిహద్దులో సరుకు నిలిచిపోయి, ఆ చలికాలమంతా వంటగ్యాస్, పెట్రోలు దొరకలేదు. దిగ్బంధం భారత్ పనేనని నేపాల్ ప్రభుత్వం, మధేసీ ఆందోళనే కారణమని భారత్ వాదించుకున్నాయి. ప్రాధాన్యాల పేరుతో దాటవేసిన అస్తిత్వ చర్చ వచ్చి నేరుగా వంటింటి పొయ్యి మీదే కూర్చుంది. నాలుగు నెలలకే రాజ్యాంగాన్ని సవరించి, జనాభా ప్రాతిపదికన నియోజకవర్గాలు వంటి కొన్ని కోరికలను అంగీకరించవలసి వచ్చింది.

‘తర్వాత చూద్దాం’ అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు దేశ హితం కాదని 1948లో ధర్ కమిషన్ తేల్చింది. 1952లో తొలి లోక్‌సభ కొలువుదీరినప్పుడూ ఐక్యత, ప్రణాళికలు ముందు, రాష్ట్రాల సంగతి తర్వాత అన్నారు. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు అసువులు బాశాక, నాలుగు రోజులకే నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. నాలుగు రోజుల్లో సాధ్యమైన ప్రకటన అంతకు ముందు నాలుగేళ్లలో ఎందుకు సాధ్యం కాలేదన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

ఇక కరెంటు సంగతి. 2016 ఫిబ్రవరిలో బిహార్‌లోని ముజఫ్ఫర్‌పూర్ నుంచి నేపాల్‌లోని ఢల్కేబర్ దాకా లైను ప్రారంభమై, భారత్ నుంచి మరింత విద్యుత్తు రావడం మొదలైంది. ఆ సెప్టెంబరులో విద్యుత్ ప్రాధికరణ (ప్రభుత్వ విద్యుత్ సంస్థ) పగ్గాలు చేపట్టిన కుల్మాన్ ఘిసింగ్, పరిశ్రమలకు దొంగచాటుగా అందుతున్న సరఫరాను కత్తిరించి, ఉన్న దానిని సక్రమంగా పంచడంతో ఖాట్మండులో కోతలు కొద్ది వారాల్లోనే ఆగిపోయాయి. లైను, లెక్క, గట్టి అధికారి ఉంటే తీరే సమస్య అది. ప్రదేశాల పేర్ల తగవు అలా తీరేది కాదు. రెండో నంబరు ప్రదేశానికి మధేస్ అన్న పేరు 2022 జనవరిలో గానీ రాలేదు. ఒకటో నంబరుకు కోసీ అన్న పేరు 2023లో ఖరారైతే, అది మా అస్తిత్వాన్ని చెరిపేస్తుందని అక్కడి ఆదివాసులైన లింబూ, కిరాత్ జనం వీధుల్లోకి వచ్చారు.

ఢల్కేబర్ ఉన్నది నా మైథిలి మిత్రుడి ధనుషా జిల్లాలోనే. మధేస్ పేరు ఖరారైన రోజు ఆయన ఫోన్ చేశాడు. ఖాట్మండు దీపాలు తమ ఊరి పొలాల మీదుగా వచ్చిన కరెంటుతో వెలుగుతున్నాయని నేను అంటే, “మైక్రోబస్సులో మాత్రం ఇంకా వెనక సీటే, దాయి” అన్నాడు.