అంబాసిడర్‌కు ఓబీడీ స్కానర్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. నాన్నగారి పాత మార్క్-4 పెట్రోల్ అంబాసిడర్ సాలూరు నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు లాగడం లేదు. స్లోలో మిస్సింగ్ కొడుతోంది. టాపెట్ల టకటక మాత్రం ఈమధ్య బాగా తగ్గింది. మెకానిక్ ఇంజిన్ బోరు (అరిగిన సిలిండర్లను కోసి సరిచేయడం) చేయించాలంటున్నాడు. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే, ఫోనుకు కలిపే ఓబీడీ స్కానర్ కొన్నాను. ఎక్కడ పెట్టాలి సర్?

జవాబు: ఎక్కడా పెట్టలేరు. కార్బురేటర్ బండిలో అది చదవడానికి కంప్యూటరే ఉండదు. వీలైతే వాపసు ఇచ్చేసి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కొనుక్కోండి.

మీకు ఊరటనిచ్చిన ఆ టకటక తగ్గడమే నాకు టెన్షన్‌గా ఉంది. వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచును సీటు అంటారు. అది అరిగితే వాల్వు హెడ్డులోకి, అంటే ఇంజిన్ పైమూతలోకి, కూరుకుపోతుంది. దాని కాడ, వాల్వును నొక్కే మీట అయిన రాకర్ వైపు జరిగి, మధ్యలో ఉండాల్సిన సందు తగ్గుతుంది. చప్పుడూ తగ్గుతుంది. సందు అసలే లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట తగిలి అంచు కాలిపోతుంది. ఒకప్పుడు పెట్రోల్‌లోని సీసం ఎగ్జాస్ట్ సీట్లను కాపాడేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాక, గట్టి సీట్లు లేని పాత హెడ్డులకు ఆ కాపు పోయింది.

ముందు మాన్యువల్‌లోని లెక్కకు టాపెట్లు, అంటే ఆ సందులు, సెట్ చేయించండి. 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది సెట్ చేయాలి, 2వది తెరుచుకున్నప్పుడు 7వది. ఏ జత కూడినా తొమ్మిదే. తర్వాత ఇంజిన్ వేడెక్కించి, కాయిల్ వైరు విప్పి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కూ గేజ్ పెట్టండి. మూడింటికి 120 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) వచ్చి ఒకదానికి 80 వచ్చిందనుకోండి, అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు బాగా పైకి లేస్తే రింగులు పోయినట్టు, మీ మెకానిక్ చెప్పిందే కరెక్టు. కదలకపోతే బోరు ఖర్చు దండగ, తప్పు వాల్వుదే. పక్కపక్క రెండు సిలిండర్లు పడిపోతే హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ మీద అనుమానపడాలి.

హెడ్డు దించాక వాల్వులు కలిసిపోకుండా అట్టముక్కకు చిల్లులు పెట్టి వరసగా గుచ్చమనండి. సీటు మీద కొద్దిపాటి గరుకే అయితే వాల్వులు రుద్దే పేస్టు రాసి, రబ్బరు మూతి ఉన్న కర్రను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పితే చాలు. చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు పట్టీ పడాలి. వాల్వులు బిగించాక హెడ్డు తిరగేసి, గుంటల్లో కిరోసిన్ పోయండి. పోర్టులోకి దిగితే పని ఇంకా ఉన్నట్టే. సీటే గుంటపడి ఉంటే మాత్రం ఎంత రుద్దినా వాల్వు ఇంకా లోపలికే పోతుంది. లేత్ షాపులో గట్టి సీటు రింగులు వేయించాల్సిందే, ఎగ్జాస్ట్‌వి నాలుగూ ఒకేసారి. వాల్వు కాడలు జారే గైడ్లు వదులైతే సీట్లు కట్ చేయకముందే మార్పించండి.

జయపురంలో పని కుదరకపోతే సాలూరులో అడగండి, లారీల ఊరు కదా. హెడ్డును గోనెలో చుట్టి బస్సులో పట్టుకెళ్లొచ్చు. ఈలోగా ఆ బండిని మాత్రం ఘాట్ ఎక్కించకండి.